ఎస్తేరమ్మ అల్లిక సూది

మొన్న గుండీ కుట్టుకుందామని పాత బిస్కెట్ల డబ్బాలో దారపుండ కోసం చెయ్యి పెడితే, వేళ్ళకు చల్లగా ఒక ఇనుప సూది తగిలింది. జానెడున్నర పొడవు, ఒక కొన సన్నం, మరో కొన మొద్దు, నడిమిలో కొద్దిగా వంపు. స్వెటర్లు అల్లే సూది. నాకు స్వెటరు అల్లడం రాదు; నేర్పాలని చూసినావిడ మూడో రోజుకే దండం పెట్టి వదిలేసింది. అయినా ఆ సూది పట్టుకోగానే నాకొక చప్పుడు వినిపిస్తుంది. అట్టముక్కలు ఒకదాని వెనుక ఒకటి రాలే చప్పుడు. అరవై ఏళ్ళయింది, ఇంకా చెవిలోనే ఉంది.

ఆ సమయానికి మా అన్న మనుమరాలు స్వప్న ఎదురుగా కూర్చుని, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని పని చేసుకుంటోంది. పట్నంలో ఒక యూనివర్సిటీ, దాని దవాఖాన కలిసి నడిపే పథకంలో దానికి ఉద్యోగం. రోగుల కాగితాలూ ఫొటోలూ వేలకు వేలు చూపించి కంప్యూటరుకు జబ్బులు గుర్తుపట్టడం నేర్పుతారట. "పళ్ళ ఫొటో చూపెడితే చాలు అమ్మమ్మా, ఫ్లోరైడు జబ్బు ఎంత ముదిరిందో అదే చెప్తది. మీ కాలంల ఇవన్నీ ఎక్కడివి?" అంది. నేను సూది చూపించి, "మాకు ఇది ఉండె" అన్నాను. నవ్వింది. దానికి ఎస్తేరమ్మ తెలియదు. తెలియాలనే ఇది రాస్తున్నాను.

అరవైల మొదట్లో సంగతి. మాది చిట్యాలకు నాలుగు కోసుల దూరంలో, నేతపనివాళ్ళ ఇళ్ళు ఎక్కువగా ఉన్న ఊరు. మెట్రిక్ పాసై, బాపుకు కండెలు చుట్టిపెడుతూ ఇంట్లో కూర్చున్నాను. నల్గొండలో ఉన్న మా మేనమామ కబురు పంపాడు. యూనివర్సిటీ డాక్టర్లు సర్వే చేస్తున్నారు, ఊళ్ళల్లో జనం నడుములు ఎందుకు వంగిపోతున్నాయో కనుక్కుంటారట, దస్తూరి బాగుండే ఆడపిల్ల కావాలట. నా దస్తూరి బాగుంటుందని మేనమామకు ఎవరు చెప్పారో గానీ, నేనైతే కాదనలేదు. ఆయనింట్లోనే ఉంటూ పనికి పోసాగాను.

సర్వే గది అంటే దవాఖాన వెనుక, ఒకప్పుడు సామాన్లు వేసుకున్న రేకుల కొట్టు. అందులో ఎస్తేరమ్మ ఉండేది. నలభై దాటిన మనిషి. తెల్లచీర, నల్లని చేతులు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. పాలమూరు వైపు ఒక ఊళ్ళో సెంటు భూమి లేని కూలివాళ్ళ బిడ్డ. క్రైస్తవ మిషను బడిలో చదువుకుని నర్సయి, ఊరూరూ తిరిగి, చివరికి ఈ సర్వేకు రికార్డుల పెద్దయింది. అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు. బడిలో నేర్చుకున్న అల్లిక ఆమెను జబ్బులా పట్టుకుంది. రోళ్ళు పగిలే రోహిణిలో కూడా స్వెటరు అల్లేది. ఆమె అల్లిచ్చిన ఉన్నిటోపీని మా ప్యూను, కాదంటే ఎక్కడ నొచ్చుకుంటుందోనని, నడివేసవిలో పెట్టుకుని చెమటలు కక్కేవాడు.

గది మూలన ఆమె నీళ్ళ కూజా, దాని మీద బోర్లించిన గ్లాసు ఉండేవి. నేను మొదటిరోజే ఇంటి నుంచి ఇత్తడి మరచెంబులో నీళ్ళు తెచ్చుకున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకుండానే అందరికీ తెలిసే సంగతి అది. ఎస్తేరమ్మ నా మరచెంబు వంక ఒకసారి చూసి, కిటికీ గూట్లోంచి తన ఉన్ని ఉండలు తీసి జాగా చేసింది. "ఈడ పెట్టు బిడ్డా, ఎండ తగలది, సల్లగుంటయి" అంది. ఆ మాటకు నాకు సిగ్గు వేయాల్సింది. వేయలేదు. పందొమ్మిదేళ్ళదాన్ని, అదంతా నా మంచి నడవడిక అనుకున్నాను.

మా పనంతా కార్డులతో. అరచేతికి రెండింతలుండే దళసరి అట్ట, మనిషికొకటి. నడుమ పేరు, వయసు, ఇల్లు రాయాలి. అంచుల వెంట వరుసగా చిన్న చిల్లులుంటాయి. ఒక్కో చిల్లు ఒక్కో ప్రశ్న. పళ్ళకు గార ఉందా, నడుము కొయ్యబారిందా, ఫలానా బావి నీళ్ళు తాగుతాడా? అవునంటే ఆ చిల్లు దగ్గర అంచును కత్తెరతో తెంపాలి, కాదంటే వదిలేయాలి. తరువాత వంద కార్డులు సమంగా పేర్చి, నడుము చిల్లులో సూది గుచ్చి, పైకెత్తి ఊపితే అంచు తెగినవి కిందికి రాలతాయి, మిగతావి సూదికి వేలాడతాయి. రాలినవన్నీ నడుము పట్టేసినవాళ్ళవి. వాటినే మళ్ళీ పేర్చి బావి చిల్లులో గుచ్చితే, వాళ్ళలో ఆ బావి నీళ్ళు తాగేవాళ్ళవి రాలతాయి. మొదటిసారి చూసి నేను చప్పట్లు కొట్టాను. చీర అంచు మీద పువ్వు నేయడానికి మా మగ్గం మీద కూడా చిల్లుల అట్టలే తిరిగేవి. ఒక్క చిల్లు తప్పితే పువ్వు వంకర పోతుంది. ఆ సంగతి చెబితే ఎస్తేరమ్మ మురిసిపోయింది. "గట్లయితే నేను నేర్పేదేమున్నది? మీ బాపే నేర్పిండు" అంది. సర్వేతో పాటు ఇచ్చిన అసలు సూది ఎప్పుడో పోయింది. ఆమె అల్లిక సూదే మా యంత్రం.

నెలకోసారి డాక్టరు సారు పట్నం నుంచి వచ్చేవాడు. మంచివాడే గానీ తొందర మనిషి. పట్నంలో ఒక పెద్ద లెక్కల యంత్రం వచ్చిందనీ, మన లెక్కలు దానికిస్తే నెల పని గంటలో చేసి పెడుతుందనీ చెబుతుంటే ఆయన కళ్ళు మెరిసేవి. ఎస్తేరమ్మ అల్లుకుంటూ వినేది. ఒకసారి మాత్రం తలెత్తి అడిగింది.

"సారూ, మనం తప్పు రాసిస్తే అది కనిపెడ్తదా?"

"అదెట్లా కనిపెడుతుందమ్మా? ఇచ్చిందే చూస్తుంది."

"అయితే నా నౌకరీకి ఫికర్ లేదు" అని మళ్ళీ అల్లికలో పడింది.

ఆ ఎండాకాలం మా ఊరి వంతు వచ్చింది. నా ఊరు నేనే రాస్తానని ముందుకురికాను. మా ఊరికి ఒక గొప్ప ఉండేది, తీపిబావి. ఊరికి మైలు దూరాన పొలాల్లో ఉంటుంది. ఆ నీళ్ళలో కందిపప్పు వెన్నలా ఉడుకుతుంది. ఊరికి దగ్గరగా ఉన్న రెండో బావి కూలివాళ్ళ వాడలోది. ఆ నీళ్ళు సౌడు, ఎంత మంట పెట్టినా పప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. వాడవాళ్ళను తీపిబావి గట్టు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు, మావాళ్ళు వాడ బావి వైపు చూసేవాళ్ళు కాదు. సంబంధాలు మాట్లాడేటప్పుడు మావాళ్ళ మొదటి మాట, "మా ఊరికి పిల్లనియ్యిండ్రి, పప్పుడికే నీళ్ళున్నయి" అనే.

మా అమ్మ కూడా ఆ మాట విని వచ్చిన కోడలే. ముప్పై ఏళ్ళు ఆ నీళ్ళు మోసింది. నలభై అయిదు దాటకుండానే నడుము కొయ్యబారి ముందుకు వంగింది. ఎదుటివాళ్ళ మొహం చూడాలంటే మెడ పక్కకు తిప్పి చూసేది. బిందెలు మోసి మోసి అట్లా అయిందనుకునేవాళ్ళం. మా అన్న బిడ్డ లక్ష్మికి అప్పుడు రెండో ఏడు. అమ్మ దానికి తీపిబావి నీళ్ళు తన చేత్తో తాగించి గానీ తాను తాగేది కాదు.

మూడు రోజుల్లో ఊరంతా రాసుకొచ్చాను. మగ్గం గుంటల్లో కూర్చున్న మగవాళ్ళను అడిగాను. "తీపిబావి నీళ్ళే తాగుతం, ఇంకేం తాగుతం!" అని అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆపకుండానే గర్వంగా చెప్పారు. కత్తెరతో తెంపుకుంటూ పోయాను. నల్గొండకు తెచ్చి గుచ్చి చూస్తే మాత్రం పువ్వు పడలేదు. వంగినవాళ్ళదీ తీపిబావే, నిటారుగా ఉన్నవాళ్ళదీ తీపిబావే. వాడ కార్డులు చూస్తే సగం మందికి నడుము బాధ ఉన్నట్టు, సగం మందికి లేనట్టు. డాక్టరు సారు ఆ రోజు అక్కడే ఉన్నాడు. "ఈ ఊళ్ళో నీళ్ళకూ జబ్బుకూ సంబంధం లేదు. సోమవారం లెక్కలు పట్నం యంత్రానికి పోవాలి. ఇక్కడి సీసా వేరే ఊరికి ఇద్దాం" అన్నాడు. సీసా అంటే బావి నీళ్ళు పట్టి పరీక్షకు పంపేది. సీసాలు తక్కువ, బావులు ఎక్కువ. ఏ ఊరికి సీసా దక్కాలో కార్డులే తేల్చాలి. అంటే మా బావిని ఇక ఎవరూ పరీక్షించరు. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషమే వేసింది, మా తీపిబావి గెలిచిందని.

సారు వెళ్ళాక ఎస్తేరమ్మ కార్డులు ఒక్కొక్కటీ తిరగేసింది. వాడవాళ్ళవి విడిగా పెట్టింది.

"అండాలూ, ఇవన్నీ ఒకటే తీరుగున్నయి. ఒక్క ఊపుల రాసినట్టున్నవు. ఏ ఇంట్ల కూసొని రాసినవు?"

నేను కింద పడ్డ అట్టముక్కలు ఏరసాగాను.

"లోపటికి పోలేదా?"

"వాడ మొగదల నిలబడ్డ సిస్టరమ్మా. ఒకాయన వచ్చి అందరి పేర్లు చెప్పిండు."

"మరి నడుముల సంగతి?"

"అది గూడ ఆయనే చెప్పిండు."

తిడుతుందనుకున్నాను. కళ్ళద్దాలు తీసి కొంగుతో చాలాసేపు తుడుచుకుంది. "నేను గసొంటి వాడలనే పుట్టిన బిడ్డా. మా ఇంటికి గూడ ఎవ్వలు రాలే. మొగదల నిలబడి ఎవరినో అడిగి రాసుకపోయిండ్రు. మా అవ్వ ఏం రోగంతోటి పోయిందో ఇయ్యాల్టికి ఏ కాయితంల లేదు." గొంతు పెంచలేదు, మామూలుగానే చెప్పింది. అప్పుడు వేసింది నాకు సిగ్గు. గూట్లో ఉన్న మరచెంబు వైపు చూడలేకపోయాను. "సోమవారానికి ఇంక నాలుగు దినాలున్నయి. నడువు, పోదాం" అని తనే లేచింది.

బస్సు దిగి ఎండలో నడిచి మా ఇల్లు చేరేసరికి ఆమె నాలుక పిడచగట్టింది. గడప ముందు నిలబడి నీళ్ళడిగింది. అమ్మ చెంబుతో తెచ్చి, అంత వంగిన నడుముతోనే చెయ్యి వీలైనంత పైకెత్తి, ఆమె దోసిట్లో ధారగా పోసింది. ఎస్తేరమ్మ కడుపునిండా తాగి, "సక్కెర లెక్కున్నయి తల్లీ" అంది. నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

ఆమె పనితనం అప్పుడు చూశాను. మగ్గాల దగ్గర ఆగనే లేదు. ప్రతి ఇంటి వాకిట్లో నిలబడి నన్ను లోపలికి తోలేది. "నన్ను రానియ్యరు, నువ్వు పో. నీళ్ళు ఎవలు తెస్తరో ఆమెను అడుగు. ఆమె చెప్పినంక గూడ కుండ లోపల చూసి రా. మనిషికి ఇజ్జత్ ఉంటది, కుండకు ఉండది" అనేది. సౌడు నీళ్ళ కుండ లోపల తెల్లటి పొర కడుతుంది, తీపిబావి కుండ నున్నగా ఉంటుంది. మైలు దూరం నడవలేని ముసలివాళ్ళ ఇళ్ళల్లో, ఒక్క ఆడమనిషే చాకిరీ అంతా చేసే ఇళ్ళల్లో, కుండలు తెల్లగా కనబడ్డాయి. మొదటిసారి తీపిబావి అని గట్టిగా చెప్పినాయన భార్యే నా చెయ్యి పట్టుకుని, "దడి ఎనుకకెళ్ళి వాడ ఆమె పోసిపోతది. నీ కాళ్ళు మొక్కుత, బయట చెప్పకు" అంది. మొగుడికి తెలియదా అంటే, నాలుకకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? తెలియనట్టు ఉండేవాడు. నేనెవరికీ చెప్పలేదు, కార్డుకు తప్ప.

తరువాత వాడ. మొగదల నా కాళ్ళు వాటంతట అవే ఆగాయి. ఎస్తేరమ్మ వెనక్కి చూడకుండా నడిచిపోయింది. మొదటి ఇంట్లో డెబ్బై దాటిన ఒక ముసలమ్మ గోనెసంచి పరిచింది. కూర్చున్నాను. "నీళ్ళు తాగుతవా బిడ్డా?" అని అడిగి, అడిగినందుకు తానే బెదిరిపోయింది. ఎస్తేరమ్మ కార్డులో తలపెట్టి రాసుకుంటోంది, నా వైపు చూడలేదు. అట్లా చూడకపోవడమే ఆమె నాకు చేసిన మేలు. గ్లాసు అందుకుని తాగాను. సౌడు నీళ్ళు, కొద్దిగా ఉప్పగా ఉన్నాయి. ముసలమ్మ గ్లాసు తీసుకుని లేచి నిటారుగా నడిచిపోయింది. ఆ నడుము వంక నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ వాడలో అందరి ఇళ్ళల్లోనూ కూర్చుని రాశాం. కూలి చేసి ఒళ్ళు నొప్పులన్నవాళ్ళున్నారు గానీ, వంగమంటే వంగారు, లేవమంటే లేచారు.

శనివారం సాయంత్రం మా అరుగు మీద కార్డులు పేర్చాం. బాపు మగ్గం దిగి వచ్చి కూర్చున్నాడు. ఎస్తేరమ్మ సూది ఆయన చేతికిచ్చింది. "మీరే గుచ్చుండ్రి అన్నా. ఇది నడుము చిల్లు." బాపు గుచ్చి, ఎత్తి, ఊపాడు. రాలాయి. రాలినవాటిని పేర్చి తీపిబావి చిల్లులో గుచ్చాడు. మళ్ళీ ఊపాడు. సూదికి రెండో మూడో మిగిలాయి. తక్కినవన్నీ ఒకదాని వెనుక ఒకటి అరుగు మీద రాలిపోయాయి. అన్నిటికంటే పైన పడ్డ కార్డు అమ్మది.

బాపు ఆ కార్డు చేతిలోకి తీసుకుని తెగిన అంచు తడిమాడు. "చిల్లు తప్పలేదు గద బిడ్డా?" అని అడిగాడు.

"తప్పలే బాపూ. ఈ మాటు ఇంటింటికి పోయిన."

అమ్మ లక్ష్మిని చంకనేసుకుని గడపలో నిలబడి అంతా వింటోంది. మెడ తిప్పి ఎస్తేరమ్మను అడిగింది. "నా నడుము లేస్తదా సిస్టరమ్మా?"

"లేవది తల్లీ" అంది ఎస్తేరమ్మ. అబద్ధం ఆడలేదు.

"మరి గీ పిల్లది?"

"దానివి ఇంక లేత బొక్కలు. ఇప్పటిసంది నీళ్ళు మారిస్తే సక్కగ నడుస్తది."

మార్చాలంటే ఉన్నది వాడ బావి ఒక్కటే. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అమ్మ పట్టు పడితే బాపు కూడా కదిలించలేడని నాకు తెలుసు, లక్ష్మి చిన్న కాళ్ళ వంక చూస్తూ ఏడుపు ఆపుకున్నాను. తెల్లారి ఎస్తేరమ్మను బస్సెక్కించడానికి బయలుదేరుతుంటే అమ్మ బిందె పట్టుకుని వాకిలి దాటింది. తీపిబావి దారిన పోలేదు, వాడ వైపు తిరిగింది. మేమిద్దరం వెనుకే నడిచాం.

బావి దగ్గరున్న ఆడవాళ్ళు అమ్మను చూసి పక్కకు జరిగారు. ఆ నడుముతో అమ్మ చేదలేదు. బిందె నేల మీద పెట్టి, "జర నీళ్ళు పొయ్యి బిడ్డా" అంది. చేదుతున్న పిల్ల బక్కెట పట్టుకుని వచ్చింది. పుట్టినప్పటి నుంచీ పడిన అలవాటు, బిందెకు తగలకుండా దూరంగా నిలబడి పైకెత్తి పోయబోయింది.

"దగ్గర్కి వచ్చి పొయ్యి" అంది అమ్మ. "మీదికెళ్ళి పోస్తే ఒలికిపోతయి."

నేను అక్కడే నిలబడి ఏడ్చేశాను. ఎస్తేరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

సోమవారం సారు కొత్త కార్డులు చూసి, సీసా మా ఊరికే ఇచ్చాడు. పరీక్షలో తీపిబావే దోషి అని తేలింది. ఫ్లోరైడు అనే మాట మా ఊరు వినడం అదే మొదలు. ఊరంతా ఒక్కరోజులో మారిందని చెబితే అబద్ధమవుతుంది. వాడ నీళ్ళు తాగుతున్నామని మమ్మల్ని ఏడాది పాటు పెళ్ళిపేరంటాల పిలుపుల్లోంచి తీసేశారు. పప్పు ఉడకదని చచ్చేదాకా తీపిబావి వదలనివాళ్ళూ ఉన్నారు. పట్నం యంత్రం కూడా మన మాటే చెప్పిందని సారు పరుగున వచ్చి చెబితే, ఎస్తేరమ్మ, "మంచి యంత్రమే సారూ, మా అండాలు మాట ఇన్నది" అని నన్ను చూసి నవ్వింది.

సారు కొత్త కార్డులు చూసిన ఆ సోమవారమే నేను గదిలోకి వస్తూనే మూలకు వెళ్ళి, కూజా వంచుకుని గ్లాసుడు నీళ్ళు తాగాను. గొప్పగా ఏదైనా అంటుందని ఎదురుచూశాను. అల్లిక మీది నుంచి తలెత్తకుండా, "తాగినంక గ్లాసు బోర్లించు, ఈగలు వాల్తయి" అంది. రెండేళ్ళకు ఆమెను అమ్రాబాద్ వైపు బదిలీ చేశారు. పోతూ పోతూ సూది నా చేతిలో పెట్టింది. "అల్లనీకైతే నీకు రాకపాయె, గుచ్చనీకన్న ఉంచుకో." తరువాత కొన్నేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. ఆ తరువాత రాలేదు. అమ్మ నడుము లేవలేదు. లక్ష్మి నిటారుగా పెరిగింది, దాని కూతురే ఈ స్వప్న.

ఇదంతా చెప్పి, "ఆ ఫొటోలు తీసినోళ్ళు ఎవరింట్ల కూసున్నరు? నీళ్ళు మోసే ఆమెను అడిగిండ్రా?" అన్నాను. స్వప్న కంప్యూటరు మూసేసింది. "మేము ఇండ్లకు పోం అమ్మమ్మా, మాకు లెక్కలే వస్తయి" అని, సూది అందుకుని కొన తడిమి చూసి, "పోయి చూస్త" అంది. అన్నట్టే బుధవారం ఒక ఊరికి బయలుదేరుతూ సంచిలో తాగే నీళ్ళ సీసా సర్దుకుంటోంది. ఆ సర్వేతో మొదలైన ముప్పై ఏళ్ళ నౌకరీలో నేను ఎన్ని వందల గడపలు తొక్కానో లెక్కలేదు. ప్రతి ఇంట్లో ముందు నీళ్ళడిగి తాగాను, తరువాతే కలం తీశాను. స్వప్న సంచిలోంచి ఆ సీసా తీసి బల్ల మీద పెట్టాను. ఎస్తేరమ్మ కూజా నీళ్ళు తాగిన నాటి నుంచి నేను ఏ ఊరికీ ఇంటి నీళ్ళు మోసుకుపోలేదు.